సెన్సారు గారి హోదా

వంతెనలకు మాటలు నేర్పాలన్న బుద్ధి మా శాఖలో ఎవరికి పుట్టిందో నాకు తెలియదు. పైనుంచి వచ్చిందని మాత్రం తెలుసు. కింది నుంచి వచ్చే ఆలోచనల కోసం మా దగ్గర ఇనప బీరువా ఒకటి ఉంది. ఎవరో పెద్దాయన చలిదేశం టూరుకు వెళ్ళి, అక్కడ ఒక వంతెన తన ఒంట్లో ఎలా ఉందో తానే కంప్యూటరుకు చెప్పుకుంటుంటే విని, కళ్ళనీళ్ళు పెట్టుకుని తిరిగొచ్చారట. ఆయన జలుబు తగ్గేలోపే 'మాట్లాడే వంతెనలు' పథకం వచ్చేసింది. ఉత్తర్వు చిన్నదే. ప్రతి వంతెనా తన క్షేమసమాచారం తానే తెలపాలి. తెలపనిది మూగ వంతెనగా పరిగణించబడుతుంది. మూగ వంతెన మీద చక్రం తిరగరాదు.

మా ఎర్రకోడు వాగు వంతెన రాతిది. ఎన్ని వరదలు వచ్చినా కిక్కురుమనలేదు. ఇప్పుడు అదే దాని నేరమైంది. రెండు కొసలా తాడు కట్టారు. కొత్తమిట్ట నుంచి గొల్లగూడెం వెళ్ళే బస్సు ఆగిపోయింది.

ఆ బస్సు ఆగిపోతే మొదట కూలిపోయింది నా కాపురం. నా పేరు గంటి సూర్యప్రకాశం, పరికరాల విభాగంలో అసిస్టెంట్ ఇంజినీరుని. ఆఫీసూ క్వార్టరూ ఈ ఒడ్డున కొత్తమిట్టలో. మా ఆవిడ మంగతాయారు ఆ ఒడ్డున గొల్లగూడెంలో పశువుల డాక్టరు. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. పొద్దున బస్సులో వెళ్ళి సాయంత్రం బస్సులో వచ్చేది. బస్సు పోయాక ఆసుపత్రి వెనక గదిలోనే ఉండిపోయింది. కొండ చుట్టూ తిరిగి వెళ్ళే దారి ఒకటుంది గానీ, అందులో వెళ్ళి రావడానికి ఆదివారం చాలదు. నడిచి దాటనిస్తారు గానీ, దాటాక అవతల ఊరు చాలా దూరం. స్కూటరు వంతెన మీద తోసుకుపోదామనుకున్నాను. తోసినా చక్రం తిరుగుతుంది కదా అని కాపలావాడు గుర్తుచేశాడు.

"ఏవండీ, మీ వంతెన నోరిప్పిందా?" అని తాయారు రోజూ ఫోనులో అడిగేది.

"ఇంకా లేదు."

"నా దగ్గరికొచ్చే గేదెలూ మాట్టాడవండి. చెయ్యేసి చూస్తే ఎక్కడ నెప్పో తెలిసిపోద్ది. మీ ఆఫీసోళ్ళని ఓసారొచ్చి చెయ్యెయ్యమనండి."

"చెయ్యి వేసే పద్ధతి ఈ పథకంలో లేదు తాయారూ."

"అయితే నా మాట కూడా ఇనండి. వచ్చే నెల మా బదిలీల కౌన్సెలింగు. ఈలోగా వంతెన తెరిస్తే సరే. లేకపోతే తునికి ఆప్షను పెట్టేస్తాను. అమ్మా వాళ్ళన్నా ఉంటారు. ఈ గదిలో గోడలకి కబుర్లు చెప్పలేక చచ్చిపోతున్నాను."

తుని అంటే నెలకోసారి. నెలకోసారి కాపురానికి పెళ్ళెందుకు? ఎలాగైనా ఆ వంతెన చేత నాలుగు ముక్కలు పలికించాలని తీర్మానించుకుని, మర్నాడే వాగులోకి దిగి, వంతెన నడుం కింద సెన్సారు అతికించాను. అది గోరంత రేకు. పైన బరువు పడి రాయి వెంట్రుకవాసి సాగినా పసిగడుతుంది. గొల్లగూడెం సర్పంచి గారు ఒడ్డున నిలబడి చూసి, "సెన్సారంటే బొమ్మలు కత్తిరించేవోళ్ళు గదండీ, మా వంతెన మీద కత్తిరించడానికి ఏవుందండి?" అని అడిగారు. నవ్వి ఊరుకున్నాను. అప్పటికి నాకింకా నవ్వు వచ్చేది.

వచ్చిన చిక్కల్లా సెన్సారు గొంతుతో. దాని మాట మరీ సన్నం. దాన్ని పెద్దది చేసి, చుట్టుపక్కల రొద వడగట్టి, కంప్యూటరుకు అర్థమయ్యేలా అందించడానికి బయట ఇంకో డబ్బా కావాలి. అరచేతిలో పడుతుంది. దాని పేరు సిగ్నల్ కండిషనర్. ఆ పేరు పెట్టినవాడు ఎవడో గానీ, వాడికి ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసిన అనుభవం లేదు.

ఆ డబ్బా కొనిపెట్టమని ఇండెంటు పెట్టాను. సూపరింటెండెంటు వెంకటరత్నం గారు కబురు పంపారు. ఆయన మా ఆఫీసుకు నడిచే రూల్సు పుస్తకం. కుర్చీలోంచి లేవాల్సి వస్తే లేవడానికి రూలు ఉందో లేదో చూసుకుని లేస్తారు.

"కండిషనర్ ఎవరి నిమిత్తమండి?"

"సెన్సారుకండీ."

"వారి కేడరేంటి?"

"కేడరేముంటుందండీ, గోరంత రేకు."

"ఎంత ఉంటారన్నది అప్రస్తుతం. రూలు పొజిషను ప్రకారం కండిషనర్ సదుపాయం సూపరింటెండింగ్ ఇంజినీరు హోదాకు తగ్గని వారికే. మన ఎస్‌ఈ గారికే నిన్నగాక మొన్న శాంక్షనయింది. ఒకటిన్నర టన్ను. తమరి సెన్సారు గారు ఎన్ని టన్నులు కోరుతున్నారు?"

"డబ్బా బరువు పావుకిలో ఉంటుందండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పావుకిలో కండిషనర్ ఈ జిల్లాలో ఎవరూ వాడలేదండి. రేపు ఆడిట్టొస్తే నేనేం చెప్పుకోవాలి?"

"ఇది గది చల్లబరిచేది కాదండీ. సిగ్నల్ కండిషనర్."

"సిగ్నల్ అనేది కంపెనీ పేరు గదండి. కంపెనీ పేరుతో ఇండెంటు పెట్టకూడదు. అది రెండో పొరపాటు."

పోనీ పేరు మారుద్దామని 'పెట్టె' అని రాసి పంపాను. ఫర్నిచరు విభాగం వాళ్ళు టేకుదా వేపదా అని అడిగారు. 'మాట పెంచు యంత్రము' అని రాశాను. మైకుసెట్టుగా భావించి, పోలీసు అనుమతి జతచేయమన్నారు. ఆఖరికి వెంకటరత్నం గారే జాలిపడి, సాంకేతిక అంచనాలో కండిషనర్ అని ఆమోదం పొందాక బ్రహ్మదేవుడొచ్చినా ఆ మాట మార్చడానికి వీల్లేదని చెప్పారు. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక మిగిలింది మా సూపరింటెండింగ్ ఇంజినీరు పెద్దింటి దక్షిణామూర్తి గారు. ఆయన గది చల్లగా ఉంటుంది కాబట్టి సమావేశాలన్నీ అక్కడే జరుగుతాయి. పథకం ప్రగతి గురించి పైనుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి. మాట్లాడిన వంతెనలు ఎన్ని అంటే జిల్లా మొత్తానికి సున్నా. ఆయన సమస్య అంతా విని, తీర్పు చెప్పారు.

"కండిషనర్ స్థాయిని తగ్గించడం మన చేతుల్లో లేదు. కాబట్టి సెన్సారు స్థాయిని పెంచవలసి ఉన్నది. పరిపాలన అంటే ఇదేనయ్యా ప్రకాశం."

"అంటేనండీ?"

"సదరు సెన్సారును సూపరింటెండింగ్ ఇంజినీరు హోదాలో నియమిద్దాం. జీతభత్యములు లేకుండా. హోదా మాత్రమే."

నేను నోరు తెరిచాను. అంతలో కౌన్సెలింగు తేదీ గుర్తొచ్చి మూసుకున్నాను. ఏ హోదా అయితే నాకేం, మా ఆవిడ ఇంటికొస్తే చాలు.

ఫైలు కదిలింది. పుట్టినతేదీ దగ్గర ఫ్యాక్టరీలో తయారైన తేదీ వేశాం. ఆ లెక్కన అధికారి వయసు ఏడాదిన్నర తేలింది. రిటైర్మెంటు చాలా దూరం ఉంది కాబట్టి శాఖకు లాభమని వెంకటరత్నం గారు నోట్ పెట్టారు. విద్యార్హతల దగ్గర కేటలాగు జతచేశాం. అంతా అయ్యాక ఆరోగ్య ధ్రువపత్రం దగ్గర బండి ఆగింది. పెద్దాసుపత్రి డాక్టరు గారు వాగు దాకా వచ్చి, రేకును వేలితో నొక్కి చూసి, నాడి దొరకలేదు గనక సంతకం పెట్టనని వెళ్ళిపోయారు.

మనిషి కాని ఉద్యోగికి మనుషుల డాక్టరే సంతకం పెట్టాలని ఎక్కడుందండీ అని నేను అడిగాను. వెంకటరత్నం గారు రూల్సు తిరగేశారు. ఎక్కడా లేదు. ఆ మధ్యాహ్నమే తాయారు పాలవ్యానులో ఆవలి ఒడ్డుకు వచ్చి, నడిచి వంతెన దాటి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని వాగులోకి దిగింది. సెన్సారును చూసింది. నన్ను చూసింది. చిక్కిపోయానని తిట్టింది. తరవాత రాతికి కాగితం ఆనించి రాసిచ్చింది: 'మేత లేదు. కదలిక లేదు. అతి తక్కువ మాట్లాడును. ప్రభుత్వ సేవకు అన్ని విధముల యోగ్యము.'

సెన్సారు గారు ఆ వారమే చార్జి తీసుకున్నారు. కండిషనరూ వచ్చింది. నేను కోరిన డబ్బా కాదు. ఒకటిన్నర టన్ను ఏసీ. లారీలో దింపి, కరెంటు స్తంభాలు పాతి, వంతెన కాలికి బిగించి, సెన్సారు గారి మీదికి గాలి వచ్చేలా తిప్పి, స్విచ్చి వేసి వెళ్ళిపోయారు.

"ఇది కాదండీ నేను అడిగింది," అన్నాను వెంకటరత్నం గారితో.

"హోదాకు తగినది ఇచ్చామండి. వారేమైనా ఫిర్యాదు చేశారా?"

వారు చేయలేదు. ఫిర్యాదు చేసింది తాయారు. ఎండకు మాడిపోతున్న గొల్లగూడెం గేదెలన్నీ వాగులో ఏసీ కిందకు చేరి, ఎంత తోలినా కదలడం లేదట. "ఆసుపత్రికి ఒక్క పశువు రావట్లేదండి. అన్నీ సెన్సారు గారి పేషీలోనే ఉన్నాయి. నేనూ అక్కడికే టేబులు మార్పించుకోవాల్సి వచ్చేలా ఉంది," అంది. తరవాత గొంతు తగ్గించి, "కౌన్సెలింగు పది రోజుల్లోకొచ్చిందండి," అంది.

ఇక ఆఫీసును నమ్ముకుంటే లాభం లేదని, కాకినాడలో ఇంజినీరింగు కాలేజీ లెక్చరరుగా ఉన్న స్నేహితుణ్ణి బతిమాలి, అసలైన డబ్బాను అరువు తెచ్చుకున్నాను. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఎంత చిన్నది, ఎంత అమాయకంగా ఉంది. నాలుగు ఛానళ్ళు. మూడోదానికి సెన్సారు తీగలు తగిలించాను. సెట్టింగులు పెట్టాను. నా స్కూటరును తాడు కింద నుంచి లాగి నెమ్మదిగా వంతెన మీద పెడితే, కంప్యూటరు తెర మీద గీత కొంచెం లేచింది. తీసేస్తే దిగింది. వంతెన మాట్లాడింది. ఆ రాళ్ళను ముద్దుపెట్టుకున్నాను. కాపలావాడు చూసి అవతలికి తిరిగి నిలబడ్డాడు.

మర్నాడు ఆ రీడింగునూ, పెట్టిన సెట్టింగులనూ ఆఫీసులో ఇచ్చాను. బస్సు వదలండి అన్నాను. గంటలో మెమో వచ్చింది. దక్షిణామూర్తి గారి ఎదుట విచారణ. వెంకటరత్నం గారు నా సెట్టింగుల కాగితం ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి పట్టుకొచ్చారు.

"మొట్టమొదట, 'హాఫ్ బ్రిడ్జి' అని రాశారండి. పూర్తి వంతెన నిలబడి ఉండగా సగమే ఉందని పైకి తెలియపరిస్తే, మిగతా సగం ఎవరు మింగారని అడుగుతారా అడగరా?"

"అది సెన్సారు లోపల తీగల అమరికకు పేరండీ."

"లోపల ఎలా ఉన్నా ఫైల్లో వంతెన పూర్తిగా ఉండాలండి."

ఫుల్ బ్రిడ్జి అని మారుస్తానని ఒప్పుకున్నాను. అలా మారిస్తే ఫైల్లో వంతెన పూర్తవుతుంది, తెర మీద గీత పోతుంది. ఆ సంగతి చెప్పబోతే ఆయన ఆగలేదు.

"రెండోది. నాలుగు ఛానళ్ళుండగా మూడో ఛానల్లో సమాచారం పంపించారు. ఏ సమాచారమైనా త్రూ ప్రాపర్ ఛానల్ రావాలి గదండి. ప్రాపర్ ఛానల్ ఏదని ఎవర్నన్నా అడిగారా?"

"ఏదైనా ఒకటేనండీ."

"ఏదైనా ఒకటే అనే మాట మన శాఖలో ఇంతవరకు ఎవరూ అనలేదు," అన్నారు దక్షిణామూర్తి గారు బాధగా.

"మూడోది. గెయిన్ వెయ్యి అని ఉంది. జాయినై నెల తిరక్కుండా సెన్సారు గారికి వెయ్యి రెట్లు గెయినా? ఎక్కణ్ణుంచొచ్చిందండి? నేను ముప్ఫయ్యేళ్ళ నుంచి పనిచేస్తున్నాను, నాకు ఒక రెట్టు కూడా లేదు. విజిలెన్సుకి రాయకుండా ఎలా ఉండమంటారు?"

గొంతు పెంచే లెక్క అది అన్నాను. అధికారి గొంతు పెంచడానికి అసిస్టెంటు ఇంజినీరు ఎవడని అడిగారు. అసలైన పిడుగు ఆ తరవాత పడింది.

"'బరువు లేనప్పుడు సున్నా పెట్టబడినది' అని రాశారు. ఎస్‌ఈ హోదా గల అధికారికి ఏఈ సున్నా పెట్టడమేంటండి? వారి అనుమతి తీసుకున్నారా?"

నేను విసిగిపోయి ఉన్నాను. "అడిగానండీ."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదండీ."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అంటే కోపంగా ఉన్నారన్నమాట," అన్నారు వెంకటరత్నం గారు.

దక్షిణామూర్తి గారికి మాత్రం కోపం వేరే వైపు తిరిగింది. ఆయన ఏసీ వారం నుంచి పనిచేయడం లేదు. రిపేరుకు రాసి పంపితే, సర్కిల్లో ఎస్‌ఈ హోదాకు ఈ ఏడాది కేటాయించిన కండిషనర్ వాగు దగ్గర ఇప్పటికే వినియోగంలో ఉన్నదని జవాబొచ్చింది. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉన్నారాయన. "ఆయనకి ఫీల్డు పోస్టు. నీటి ఒడ్డు. పిటిషన్లు లేవు, ఫోన్లు లేవు, గేదెలు తప్ప సందర్శకులు లేరు," అని ఒక్కో మాటా నమిలి నమిలి అన్నారు. "ఒక సర్కిల్లో ఇద్దరు ఎస్‌ఈలు ఇమడరయ్యా."

సాధారణ బదిలీల జాబితా వచ్చింది. సెన్సారు గారు పరిపాలనా కారణాల రీత్యా అనంతపురం బదిలీ అయ్యారు. అక్కడ వంతెనైతే ఉంది, కింద నీళ్ళు లేవట.

వీడ్కోలు సభ వంతెన కిందే జరిగింది. మెడ లేదు గనక దండ ఏసీకి వేశారు. శాలువా రాతికి కప్పారు. వెంకటరత్నం గారు మాట్లాడుతూ, ఇంత తక్కువ మాట్లాడిన అధికారిని తమ సర్వీసులో చూడలేదని చెప్పి కూర్చున్నారు. తరవాత రిలీవ్ చేయడానికి ఒకాయన ఉలి పట్టుకొచ్చాడు. బంకతో అతికించినది పీకితే దక్కదండీ అని నేను మొత్తుకున్నాను. రిలీవింగు ఆర్డరు ఉందన్నాడు. ఒక్క దెబ్బ వేశాడు. సగం రేకు ఉలితో వచ్చింది, సగం వంతెనకే ఉండిపోయింది. సగం రిలీవ్ అయినట్టు, సగం చార్జి అప్పగించనట్టు నమోదు చేశారు.

వంతెన మళ్ళీ మూగదైంది. మర్నాడే తాయారు కౌన్సెలింగు. సాయంత్రం ఫోను చేసింది. ఈసారి వంతెన సంగతి అడగలేదు.

"నా ఎర్రచీర బీరువాలో ఉండిపోయిందండి. తునికి పంపించండి," అంది. తిట్టినా బాగుండేది. ఫోను పెట్టేశాక ఆ చీర తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాకు దుఃఖం ఆగలేదు.

పొద్దున్నే దక్షిణామూర్తి గారి గదికి వెళ్ళాను. సెన్సారు గారి ఏసీని అప్పటికే ఊడబెరికి ఆయన గదికి తెచ్చే ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఆయన ప్రసన్నంగా ఉన్నారు.

"అయ్యా, ఈ మధ్యాహ్నంతో నా కాపురం తునికి పోతుంది. వంతెన నాతో మాట్లాడిందండీ, మీరే పడనివ్వలేదు. ఏదో ఒకటి చేసి బస్సు వదలండి," అన్నాను. నాకింక భయం లేదు.

"వంతెన గట్టిదేనయ్యా, నాకు తెలీదా?" అన్నారాయన. "కానీ సమాచారం ఎవరు పంపాలి? పోస్టు ఖాళీ అయిపోయె." కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే నాకు వణుకు. "పోస్టు ఖాళీగా ఉండరాదు. ఇన్‌చార్జి నువ్వే తీసుకో."

"ఏ పోస్టుకండీ?"

"సెన్సారు."

నేను ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. సంతకం పెట్టేశాను. ఆర్డరు చదువుకున్నది తరవాతే. సదరు ఇన్‌చార్జి అధికారి వంతెన నడుం కింద వీపు ఆనించి ఆసీనుడై, బస్సు వెళ్ళిన ప్రతిసారీ తనకు కలిగిన కదలికను ఫోను ద్వారా తెలపాలి. హెడ్‌క్వార్టరు వంతెన. హెడ్‌క్వార్టరు విడిచి వెళ్ళరాదు. అసలు హోదా అసిస్టెంట్ ఇంజినీరే గనక కండిషనర్ సదుపాయానికి అనర్హుడు.

తాళ్ళు విప్పారు. మధ్యాహ్నానికి ముందే మొదటి బస్సు దాటింది. నేను వీపు ఆనించి కూర్చుని, ఫోనులో, "బాగుందండీ" అన్నాను. జిల్లాలో మాట్లాడిన మొదటి వంతెన మాదే. అదే ఫోనులో తాయారుకు చెప్పాను. తను క్యూలో నిలబడి ఉంది. ఆప్షను పెట్టకుండా వెనక్కి తిరిగి వచ్చేసింది.

సాయంత్రం బస్సు వంతెన మధ్యలో ఆగింది. పైనుంచి తల ఒకటి వంగి చూసింది.

"ఏవండీ, ఇంటికి రారా?"

"రాకూడదు తాయారూ. హెడ్‌క్వార్టరు."

బస్సు వెళ్ళిపోయింది. తను మాత్రం దిగిపోయింది. రాళ్ళ మీద అడుగులో అడుగు వేసుకుంటూ కిందకొచ్చి, గేదెల్ని పేరుపేరునా అదిలించి, నా పక్కన చోటు చేసుకుని కూర్చుంది. సంచిలోంచి క్యారేజీ తీసింది. తాటాకు విసనకర్ర తీసింది. ఎండకు వంతెన రాయి పెనంలా కాలుతోంది. చెమటకు నా చొక్కా తడిసి ముద్దయింది. తను విసరడం మొదలుపెట్టింది.

"దీనికి ఏ హోదా ఉండాలంటారండీ మీ ఆఫీసోళ్ళు?"

"దీనికింకా రూలు లేదు."

"రాసేలోపు విసిరించేసుకోండి మరి."

నేను కళ్ళు మూసుకున్నాను. ఎన్నాళ్ళయిందో తను నా పక్కన కూర్చుని. ఆవకాయన్నం కలిపి ముద్దలు పెడుతూ, గొల్లగూడెం ఊసులన్నీ ఏకరువు పెట్టింది. సర్పంచి గారి ఆవు కవల దూడల్ని ఈనిందట. నేను ఊకొడుతూ ఉండగా ఫోను మోగింది. అవతల వెంకటరత్నం గారు.

"తిరుగు బస్సు దాటినట్టు సమాచారం ఉందండి. తమరికేమైనా కదలిక కలిగిందా?"

బస్సు ఎప్పుడు దాటిందో నేను చూడలేదు. తాయారు ఇంకో ముద్ద చేతిలో పట్టుకుని నా నోటి వంక చూస్తోంది.

"లేదండీ," అన్నాను.